మత్తు, మతి, సాహచర్యం: మాల్కం ఎక్స్ ఆత్మకథపై ఒక పరిశీలన

మాల్కం ఎక్స్ ఆత్మకథను ముస్లిం పాఠకులు సాధారణంగా ఒక సన్మార్గప్రాప్తి కథగా చదువుతారు. నేరజీవితంలో కూరుకుపోయిన యువకుడు చెరసాలలో విద్యను సాధించాడు, ఒక ఉద్యమంలో చేరాడు, 1964లో హజ్ చేసి మానవ సోదరత్వాన్ని కళ్లారా చూశాడు, మరుసటి సంవత్సరం ఫిబ్రవరి 21న న్యూయార్క్ నగరంలో తుపాకి గుళ్లకు బలి అయ్యాడు. ఇలా చదవడంలో తప్పు లేదు. కాని ఇలా చదివినప్పుడు గ్రంథంలోని ఒక ముఖ్యభాగం మరుగున పడిపోతున్నది. మత్తుకు బానిసలైనవారు, మతి చలించినవారు ఆ గ్రంథంలో అడుగడుగునా కనిపిస్తారు. వారిలో కొందరు కోలుకున్నారు, కొందరు కోలుకోలేదు. ఎవరు కోలుకున్నారు, ఎవరు కోలుకోలేదు, ఎందువలన అని ప్రశ్నించుకుంటూ చదివితే ఆ పుస్తకం ముస్లిం సమాజానికి ఒక ప్రశంసాపత్రం కంటే ఒక హెచ్చరికగానే ఎక్కువ తోస్తుంది.

గ్రంథ స్వరూపం

గ్రంథాన్ని గురించి రెండు సంగతులు ముందుగా చెప్పుకోవాలి. ఇది మాల్కం ఎక్స్ స్వయంగా కూర్చుని వ్రాసినది కాదు. ఆయన చెప్పగా పత్రికా రచయిత ఆలెక్స్ హేలీ వ్రాసినది. మాల్కం మరణానంతరం 1965లోనే వెలువడింది. మార్పు ఎంత గొప్పదో చూపడానికి మాల్కం తన పూర్వపు నేరజీవితాన్ని కొంత పెంచి చెప్పాడని మానింగ్ మారబుల్ 2011లో ప్రచురించిన జీవితచరిత్రలో వాదించాడు. కనుక ఈ గ్రంథాన్ని సాక్ష్యంగా వాడుకొనేవారు అది ఒక ప్రయోజనాన్ని ఉద్దేశించి చెప్పిన కథ కూడా అని మరువరాదు.

రెండవది విశ్వాసానికి సంబంధించినది. మాల్కం చేరిన ‘నేషన్ ఆఫ్ ఇస్లాం’ సంస్థ ఎలిజా ముహమ్మద్‌ను దైవసందేశహరునిగా, ఫర్ద్ అనే వ్యక్తిని దైవావతారంగా భావించింది. తెల్లజాతిని పుట్టుకతోనే సైతానుగా ప్రచారం చేసింది. తౌహీద్‌కు, ప్రవక్తల పరంపర ముగిసిందన్న విశ్వాసానికి ఇవి పూర్తిగా విరుద్ధమైనవి. మాల్కం 1964 మార్చిలో ఆ సంస్థను వదిలి, అనంతరం అహ్లె సున్నత్ మార్గాన్ని స్వీకరించాడు. ఎలిజా ముహమ్మద్ 1975లో మరణించిన తరువాత ఆయన కుమారుడు వారిసుద్దీన్ ముహమ్మద్ ఆ సమూహంలోని అత్యధికులను సరియైన ఇస్లాం వైపు నడిపించాడు. ఈ వాస్తవం పరిశీలనను మరింత ఆసక్తికరం చేస్తున్నది. అఖీదాలో ఇంత లోపమున్న ఒక సంస్థ, అఖీదా సక్రమంగా ఉన్న అనేక సమాజాలు చేయలేని పనిని హార్లెంలో ఎలా చేయగలిగింది?

హార్లెం వీధిలో ఆరు మెట్లు

హార్లెం న్యూయార్క్ నగరంలో నల్లజాతివారు కిక్కిరిసి నివసించిన పేట. రెండవ ప్రపంచయుద్ధం తరువాత అక్కడ హెరాయిన్ విస్తరించింది. దానికి బానిసైనవాడికి ప్రభుత్వం చూపిన దారి ప్రధానంగా చెరసాల. కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్‌లో 1935లో ప్రారంభమైన ఫెడరల్ వైద్యశాల ఉండేది కాని, అక్కడికి పోయి వచ్చినవారిలో చాలామంది మళ్లీ పాత దారినే పట్టేవారు. ఇటువంటి పరిస్థితిలో మాల్కం నాయకత్వం వహించిన హార్లెం శాఖ వ్యసనపరులను మాన్పించే ఒక పద్ధతిని అమలు జరిపింది. ఆత్మకథలో ఆ పద్ధతిని ఆరు దశలుగా వివరించాడు.

మొదట వ్యసనపరుడు తాను బానిసనని తనకు తానే ఒప్పుకోవాలి. తరువాత ఆ మందును తాను ఎందుకు ఆశ్రయించాడో అతడికి బోధపరచాలి. మూడవ దశలో మానుకొనే మార్గం ఉన్నదని చూపాలి. నాలుగవ దశలో చితికిపోయిన ఆత్మగౌరవాన్ని తిరిగి నిలబెట్టి, మానుకొనే శక్తి తనలోనే ఉన్నదని అతడు గ్రహించేటట్లు చేయాలి. అయిదవ దశలో అతడు స్వచ్ఛందంగా మందును ఒక్కసారిగా మానివేయాలి. ఆరవ దశలో, కోలుకున్న మనిషి తన పాత మిత్రుల వద్దకు పోయి వారిని తీసుకురావాలి.

ఈ ఆరింటిలో పాఠకుల దృష్టి సాధారణంగా అయిదవ దానిపై నిలుస్తుంది. మందు మానినవాడి ఒళ్లు నొప్పులు, వాంతులు, కేకలు, వాటన్నిటినీ తట్టుకున్న సంకల్పబలం కథకు రక్తి కట్టించేవి కదా! కాని జాగ్రత్తగా చదివితే చికిత్స అంతకు చాలా ముందే మొదలైందని తెలుస్తుంది. వ్యసనపరుడి వద్దకు మొట్టమొదట వెళ్లేవాడు ఉపన్యాసకుడు కాడు. నిన్నమొన్నటి దాకా అదే వీధిలో అదే మందును వాడి మానుకున్న పాత స్నేహితుడు. అతడు వారాల తరబడి ఓపికగా తిరుగుతాడు. తిట్టడు, ముక్కు మూసుకోడు. అతడి శుభ్రమైన బట్టలు, స్థిమితమైన మాట చూసి బానిసకు ఆశ పుడుతుంది. మెల్లగా ముస్లింలు నడిపే భోజనశాలకు తీసుకుపోయి నలుగురికీ పరిచయం చేస్తాడు. అక్కడ అతడిని ‘అన్నా’ అని గౌరవంగా పిలుస్తారు. మందు మానే రోజులు వచ్చినప్పుడు రాత్రింబవళ్లు వంతులవారీగా అతడి మంచం పక్కన కూర్చుంటారు. అతడు బూతులు తిట్టినా లేచిపోరు.

రెండవ దశ కూడా గమనార్హమైనది. హెరాయిన్ వాడకాన్ని వ్యక్తి బలహీనతగా మాత్రమే చూపలేదు. అమెరికాలో నల్లవాడిగా బ్రతకడంలోని అవమానాన్ని మరచిపోయే ప్రయత్నంగా వివరించారు. అనగా రోగానికి సామాజిక కారణాన్ని చెప్పారు, కాని ఆ కారణాన్ని సాకుగా మిగలనివ్వలేదు. తరతరాల సంక్షేమాధికారులు, సంఘాలు చేయలేని పనిని ఈ సంస్థ చేసిందని జేమ్స్ బాల్డ్విన్ కూడా 1963 నాటి తన గ్రంథంలో అంగీకరించాడు. ఆయన ఆ సంస్థ సిద్ధాంతాలను అంగీకరించనివాడు. అందువలన ఆయన సాక్ష్యానికి విలువ ఎక్కువ.

తల్లి కథ

ఇదే గ్రంథంలో, తొలి ప్రకరణాలలో మరొక రోగి ఉన్నది. ఆమె మాల్కం తల్లి లూయీస్ లిటిల్. 1931లో భర్త మరణించాడు. తెల్లజాతి దురహంకారులే చంపారని కుటుంబం నమ్మింది. ఒక బీమా సంస్థ అది ఆత్మహత్య అని సొమ్ము ఎగవేసింది. ఆర్థిక మాంద్యం రోజులు. చంకలో బిడ్డ, చుట్టూ పిల్లలు. పనికి కుదిరినచోట నల్లజాతి స్త్రీ అని తెలియగానే తీసివేసేవారు. సంక్షేమ శాఖ వారు ఇంటికి వచ్చి పిల్లలను ఒక్కొక్కరినే ప్రశ్నలు వేసి, తల్లికి బిడ్డలకు మధ్య అనుమానం నాటిపోయేవారు.

అక్కడ ఒక చిన్న ఘట్టమున్నది. పొరుగు రైతు ఒకడు పంది మాంసం ఉచితంగా ఇస్తానంటే ఆమె తన మతాచారం ఒప్పుకోదని నిరాకరించింది. ఆకలితో ఉన్న ఇంట్లో మాంసం కాదన్న స్త్రీకి మతి లేదని అధికారులు తీర్మానించుకున్నారు. ఆ నిరాకరణలోని ఆత్మాభిమానం వారికి కనిపించలేదు. ముస్లిం పాఠకుడు ఈ పుటను చదివి సులభంగా ముందుకు పోలేడు. పేదవాడి విశ్వాసం, పేదవాడి పట్టుదల అధికారి కాగితంలో రోగలక్షణాలుగా ఎలా మారతాయో ఇంత క్లుప్తంగా చెప్పిన పుటలు అరుదు.

చివరకు ఆమె నిజంగానే కుంగిపోయింది. 1939లో ఆమెను కలమజూలోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు పంపి, పిల్లలను వేర్వేరు ఇళ్లకు పంచారు. దాదాపు పాతికేళ్లు ఆమె అక్కడే ఉండిపోయింది. 1963లో బిడ్డలు ఆమెను బయటకు తెచ్చుకున్నారు. అనంతరం ఆమె కుటుంబం మధ్యనే జీవించింది. ఇంటికి వచ్చి బ్రతకగలిగిన మనిషిని పాతికేళ్లు ఎందుకు ఉంచారన్న ప్రశ్నకు ఆ వైద్యశాల గోడలు సమాధానం చెప్పవు. వైద్యం ఆమెకు దక్కలేదని అనలేము. దక్కినది వైద్యం పేరుతో వెలి.

తమ్ముడి కథ

మూడవ రోగి తమ్ముడు రెజినాల్డ్. పరిశీలకులు చాలామంది ఇతడిని దాటిపోతారు. గ్రంథానికి కేంద్రం ఇక్కడే ఉన్నదనడం అతిశయోక్తి కాదు.

చెరసాలలో ఉన్న మాల్కంను ఆ ఉద్యమం వైపు త్రిప్పినవారిలో రెజినాల్డ్ ముఖ్యుడు. పంది మాంసం, సిగరెట్టు మానుమని ఆయనకు మొదట చెప్పినవాడు అతడే. కొంతకాలానికి ఒక స్త్రీతో సంబంధం కారణంగా ఎలిజా ముహమ్మద్ రెజినాల్డ్‌ను సంస్థ నుండి బహిష్కరించాడు. మాల్కం తమ్ముడి తరఫున ఒక ఉత్తరం వ్రాశాడు. జవాబు వచ్చిన తరువాత తమ్ముడికి దూరమయ్యాడు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరూ ముఖం త్రిప్పుకున్నారు. రెజినాల్డ్ మనసు క్రమంగా చెదిరింది. తానే దైవసందేశహరుడినన్నాడు, తరువాత అంతకంటె ఘనుడినన్నాడు. ఆఖరుకు అతడూ మానసిక వైద్యశాలకే చేరాడు.

ఆ రోజులలో మాల్కం దీనిని దైవశిక్షగా నమ్మాడు. గురువును ధిక్కరించినవాడికి తగిన శాస్తి జరిగిందనుకున్నాడు. కాని ఆత్మకథ చెప్పే నాటికి ఆయన అభిప్రాయం మారింది. తమ్ముడిని క్రుంగదీసినది దైవశిక్ష కాదనీ, సొంత కుటుంబం తనను పూర్తిగా త్రోసివేసిన వేదన అనీ ఆయన స్పష్టంగా ఒప్పుకున్నాడు. గ్రంథమంతటిలో ఇంతకంటె ధైర్యమైన వాక్యాలు అరుదు. తెల్లవాడి అన్యాయాన్ని ఎత్తి చూపడానికి ఒక రకమైన ధైర్యం చాలు. తన జమాత్ చేసిన అన్యాయాన్ని, అందులో తన వంతును చెప్పుకోవడానికి వేరే ధైర్యం కావాలి.

తరువాత అదే బహిష్కారం మాల్కంకు ఎదురైంది. 1963 చివర ఆయన నోటికి తాళం వేశారు, మరికొన్ని నెలలకు సంబంధాలు తెగిపోయాయి. ఆ దినాలలో తన మెదడే దెబ్బతిన్నట్లు అనిపించిందనీ, వైద్యుని వద్దకు వెళ్లాననీ ఆయన దాచకుండా చెప్పాడు. ఇతరులకు ధైర్యం చెప్పే నాయకుడు, నమాజు చేసే మనిషి, మనసు బాధకు వైద్యుని ఆశ్రయించడాన్ని లోపంగా ఎంచలేదు.

ఇప్పుడు మూడు కథలను పక్కపక్కన పెట్టి చూడవచ్చు. హార్లెం బానిసలను ఒక సమూహం దగ్గరకు తీసుకున్నది, వారు లేచి నిలబడ్డారు. తల్లిని ప్రభుత్వం వేరుచేసింది, ఆమె కూలిపోయింది. తమ్ముడిని అదే సమూహం వెలివేసింది, అతడి మతి పోయింది. మందు ఒక్కటే: సాహచర్యం. దాన్ని ఇచ్చిన చేయే దాన్ని లాగివేసినప్పుడు విషమైంది.

ధర్మం ఏమి చెబుతున్నది

ఈ తీర్పుకు ఆధారం అమెరికాలో వెదకనక్కరలేదు. సహీహ్ బుఖారీలో ఒక ప్రసిద్ధ ఉల్లేఖనం ఉన్నది. అబ్దుల్లాహ్ అనే పేరుగల ఒక వ్యక్తి, ప్రజలు ‘హిమార్’ అని ముద్దుపేరు పెట్టినవాడు, దైవప్రవక్త (స)ను నవ్విస్తూ ఉండేవాడు. అతడు మద్యం సేవించి పదే పదే పట్టుబడేవాడు, శిక్ష పడేది. ఒకసారి అక్కడున్నవారిలో ఒకరు విసిగి అతడిని శపించారు. దైవప్రవక్త (స) ఆ శాపాన్ని వారించి, అతడు అల్లాహ్‌ను, ఆయన ప్రవక్తను ప్రేమించేవాడని సాక్ష్యమిచ్చారు. మరొక ఉల్లేఖనంలో, ఇటువంటి వ్యక్తిని తిట్టి అతడికి విరుద్ధంగా సైతానుకు సహాయపడవద్దని హెచ్చరించారు.

ఇక్కడ గ్రహించవలసినది సూక్ష్మమైన విషయం. మద్యం నిషేధం సడలలేదు, శిక్షా రద్దు కాలేదు. అయినా అతడు ఆ మజ్లిస్‌లోని మనిషిగానే మిగిలాడు. ఒకసారి కాదు, పదే పదే పడినవాడి సంగతి ఇది. నేటి వైద్యులు వ్యసనం తిరగబెట్టే స్వభావం గల రోగమని చెబుతున్నారు. తిరగబెట్టిన రోగిని చూచి ‘వీడు బాగుపడడు’ అని చేయి కడుక్కునేవారికి ఈ ఉల్లేఖనం జవాబు.

మతి చలించినవారి విషయం ఇంకా స్పష్టం. పిచ్చివాడు స్వస్థుడయ్యే వరకు అతడి కర్మల లెక్క వ్రాసే కలం ఎత్తివేయబడిందని హదీసు. ధర్మశాస్త్రం బాధ్యత నుండే విముక్తి ఇచ్చిన మనిషిపై, ‘ఇది నీ పాపఫలం’ అని తీర్పు చెప్పే అధికారం పొరుగువాడికి ఎక్కడిది?

చికిత్స చేయించుకొమ్మన్నది కూడా ప్రవక్త (స) ఆదేశమే. ముస్లిం నాగరికత దానిని గ్రంథాలకే పరిమితం చేయలేదు. హిజ్రీ 322లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ శరీర వ్యాధులతో పాటు మనోవ్యాధులకూ సమాన స్థానమిచ్చి గ్రంథం రచించాడు. సూడాన్ మనోవిజ్ఞానవేత్త మాలిక్ బద్రీ ఆ గ్రంథంలోని మనోవ్యాధుల భాగాన్ని 2013లో ఆంగ్లంలో వెలువరించాడు. కైరోలో సుల్తాన్ ఖలావూన్ 1284లో స్థాపించిన వైద్యశాల ధనికులకు పేదలకు, స్వతంత్రులకు బానిసలకు, స్త్రీలకు పురుషులకు సమానంగా తెరిచి ఉండేది. అందులో మానసిక రోగులకు స్థానముండేది. ఆ ఖర్చును వక్ఫ్ భరించేది.

ఆరు మెట్ల పరిమితి

ఈ దృష్టితో చూచినప్పుడు ఆత్మకథలోని ప్రధాన లోపం బయటపడుతుంది. అయిదవ మెట్టును, అనగా మందు లేకుండా ఒక్కసారిగా మానివేయడాన్ని, అది వీరకృత్యంగా చిత్రించింది. హెరాయిన్ మానినవాడు నరకయాతన పడతాడు కాని, ఆ యాతన వలననే ప్రాణం పోవడం అరుదు. అయితే కొంతకాలం మాని మళ్లీ పాత మోతాదు తీసుకున్నవాడు చనిపోవచ్చు. మద్యం, నిద్రమాత్రల విషయం వేరు. వాటిని చిరకాలం వాడి హఠాత్తుగా ఆపితే మూర్ఛలు, మతిభ్రమణ, కొన్నిసార్లు మరణం సంభవిస్తాయి. ఆ రోగి పక్కన సహచరులతో పాటు వైద్యుడూ ఉండి తీరాలి.

ఆత్మకథ వెలువడిన 1965లోనే న్యూయార్క్‌లో విన్సెంట్ డోల్, మేరీ నైస్వాండర్ అనే వైద్యులు మెథడోన్ చికిత్స ఫలితాలను ప్రకటించారు. ఒక బానిసత్వానికి బదులు మరొకటి అని నల్లజాతి పేటలలో దానిని అనుమానించారు. తమను మనుషులుగా చూడని ప్రభుత్వం ఇచ్చే మందును ఎవరు నమ్ముతారు? కాని ఆ మందు ఎన్నో ప్రాణాలు నిలిపిందని తరువాతి అనుభవం రుజువు చేసింది. ఈ రెండింటినీ కలిపే ప్రయత్నాలూ జరిగాయి. 1970లో బ్రాంక్స్‌లోని లింకన్ ఆసుపత్రిలో కొంత భాగాన్ని యువ ఉద్యమకారులు స్వాధీనం చేసుకొని, పేటవారే నడిపే చికిత్సాకేంద్రం ప్రారంభించారు. 1978లో నగర ప్రభుత్వం ఆ బృందాన్ని వెళ్లగొట్టింది. 1989లో బాల్టిమోర్‌లో ‘మిల్లతీ ఇస్లామీ’ అనే ముస్లింల సహాయ బృందం ఏర్పడి, ప్రసిద్ధమైన పన్నెండు మెట్ల పద్ధతిని ఇస్లామీయ విశ్వాసానికి అనుగుణంగా మలచుకున్నది.

ఇదే కాలంలో చట్టం మరొక దారి పట్టింది. 1986 నాటి అమెరికా చట్టం పేద నల్లజాతి పేటలలో దొరికే 5 గ్రాముల క్రాక్‌కు, 500 గ్రాముల కొకైన్ పొడికి ఒకే కనీస శిక్షను విధించింది. 2010లో ఆ నిష్పత్తిని నూటికి ఒకటి నుండి పద్దెనిమిదికి ఒకటిగా తగ్గించారు. మందు ఒక్కటే, వాడేవాడి పేట మారితే రోగి నేరస్థుడవుతాడు. సాహచర్యం ఎంత గొప్పదైనా ఈ అసమానతను తానొక్కటే తొలగించలేదు.

తెలుగు పాఠకునికి

ఈ విమర్శ తెలుగు ముస్లింకు దూరదేశపు ముచ్చట కాదు. తెలంగాణలో కల్తీ కల్లు ద్వారా క్లోరల్ హైడ్రేట్, డైజిపాం, ఆల్ప్రజోలాం వంటి మందులు కూలివాని ఒంట్లోకి పోతున్నాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్ వలన కల్లు, మద్యం దుకాణాలు హఠాత్తుగా మూతపడగా హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు రోగులు పోటెత్తారు. మూర్ఛలతో, మతిభ్రమణతో తీసుకురాబడిన వారికి సంకల్పబలం గురించి ఉపన్యసించడం వ్యర్థం. కల్లు దుకాణం మతం అడగదు. ఎర్రగడ్డ వార్డూ అడగదు.

అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ నిర్వహణలో 2019లో వెలువడిన సర్వే ప్రకారం మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో ఒక చికిత్స అందుతున్నది. మిగతావారి గతి ఏమిటి? ముస్లిం పేటలలో ఆ రోగి చాలాసార్లు తావీజుల వద్దకో, గొలుసుల వద్దకో చేరుతున్నాడు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో, దర్గా ప్రాంతంలోని ఒక ఆశ్రయంలో గొలుసులతో కట్టివేయబడిన 28 మంది మానసిక రోగులు అగ్నిప్రమాదంలో సజీవంగా కాలిపోయారు. పారిపోవడానికి వీలులేక పోయారు. వారిని అక్కడ వదిలిన కుటుంబాలలో చాలావాటికి వేరే దారి తెలియదు, స్తోమతూ లేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులను నిషేధించింది. మద్యం, మత్తుమందుల వలన కలిగే మానసిక స్థితులనూ రోగాలుగా గుర్తించింది. మతం, కులం, వర్గం అనే భేదం లేకుండా చికిత్స పొందడం హక్కు అని చెప్పింది. ఆ హక్కు మొహల్లా వరకు నడచి రావాలంటే దానిని అడిగేవారు కావాలి. రోగి చేయి పట్టుకొని ఆసుపత్రి వరుసలో నిలబడేవారు కావాలి.

హార్లెంలో ఆ పని చేసినవారు పండితులు కారు, వారి విశ్వాసం శుద్ధమైనదీ కాదు. వారి వద్ద ఉన్నది ఓపిక, ఒక భోజనశాల, రాత్రి వంతుల జాబితా. సరియైన విశ్వాసం, ‘శపించవద్దు’ అన్న ప్రవక్త (స) మాట, జకాత్, వక్ఫ్ ఇవన్నీ ఉన్న సమాజం వారికంటె తక్కువ చేస్తే దానికి సాకు చెప్పుకోవడం కష్టం. మాల్కం తన తమ్ముడి విషయంలో ఆలస్యంగా గ్రహించిన దానిని ముందుగానే గ్రహించే అవకాశం ఆయన పాఠకులకు ఉన్నది. ప్రతి మస్జిదు చుట్టూ ఒక అబ్దుల్లాహ్ ఉంటాడు. అతడు పడిన ప్రతిసారీ అతడి కోసం మజ్లిస్‌లో చోటు మిగిలి ఉన్నదా లేదా అన్నదే ప్రశ్న.